పెద్ద టీవీకి కంటి కొలత

వానాకాలం వడ్లు అమ్ముడుపోయి డబ్బు చేతికి వచ్చాక, మన ఆత్మకూర్ (ఎస్) నుంచి సూర్యాపేటకు పెద్ద టీవీ కొనడానికి వెళ్లే కుటుంబంలో ముందు నడిచేది ఎవరో తెలుసా? చాలాసార్లు తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే అబ్బాయి, లేదా అమ్మాయి. "మాకేం తెలుస్తుంది, చదువుకునే పిల్లలు మీరే చూడండి" అంటారు పెద్దవాళ్లు. దుకాణంలోకి అడుగు పెట్టగానే గోడ నిండా తెరలు. ఒక దానిలో చిలుకలు, ఇంకొక దానిలో జలపాతాలు. అన్నీ బాగానే ఉంటాయి. ధరలు మాత్రం ఒకటి ఇరవై ఎనిమిది వేలు, ఒకటి లక్షా ఇరవై వేలు!

లక్షా ఇరవై వేలు అంటే ఎంతో మనకు తెలిసిన కొలతలో చూద్దాం. 2025-26 వానాకాలానికి ఏ-గ్రేడు వడ్లకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన అది యాభై క్వింటాళ్ల వడ్ల ధర. ఎకరానికి పాతిక క్వింటాళ్లు పండిందనుకుంటే రెండెకరాల పంట మొత్తం. అందులో ఎరువులు, కూలీలు, కోత మిషను కిరాయి ఇంకా తీసివేయలేదు. ఇంత సొమ్మును ఏది తెచ్చుకోవడానికి ఇస్తున్నామో తెలుసుకోవద్దూ? ఆ తెలుసుకునే సామగ్రి మీ దగ్గరే ఉంది. ఒక టేపు, ఒక స్కేలు, ఎనిమిదో తరగతి గణితం, మీ రెండు కళ్లు.

మొదట తెర సైజు సంగతి. 55 అంగుళాల టీవీ అంటే వెడల్పు 55 అంగుళాలు కాదు, కర్ణం 55 అంగుళాలు. నేటి తెరలన్నిటికీ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 కనుక పైథాగరస్ సిద్ధాంతం ఉపయోగిస్తే 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 48, ఎత్తు 27 అంగుళాలు అని తేలుతుంది. వైశాల్యం కావాలంటే ఇంకా సులువు. కర్ణాన్ని వర్గం చేసి 0.427తో గుణించండి. 43 అంగుళాల తెరకు సుమారు 790 చదరపు అంగుళాలు, 55కు 1,292, 65కు 1,805 వస్తాయి. 43 నుంచి 55కు పెరిగింది పన్నెండు అంగుళాలే కదా అనిపిస్తుంది కానీ తెర ఒకటిన్నర రెట్లు దాటింది. పెట్టె మీద సెంటీమీటర్లలో ఉంటే 2.54తో భాగించుకోండి.

ఇప్పుడు ధరను వైశాల్యంతో భాగిస్తే చదరపు అంగుళం ఎంత పడుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు మామూలు ఎల్‌ఈడీ టీవీ 43 అంగుళాలది 28,000, 55ది 45,000, 65ది 72,000 రూపాయలు అనుకుందాం. 55 అంగుళాల ఓలెడ్ టీవీ 1,20,000 అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీరు వెళ్లిన రోజున దుకాణంలో చెప్పిన ధరలు వీటి స్థానంలో వేసుకోండి. చదరపు అంగుళానికి మొదటిది 35 రూపాయలు, రెండోది కూడా దాదాపు 35, మూడోది 40 పడింది. ఓలెడ్ 93 రూపాయలు!

గాజు పలక, దర్జీ కత్తెర

43, 55 దగ్గర అంగుళం ధర సమానంగా ఉండి, 65 దగ్గర పెరగడం ఎందుకు? దీనికి జవాబు దర్జీ దుకాణంలో ఉంది. తానులోంచి చొక్కాలు కత్తిరించేటప్పుడు ముక్కలు సరిగ్గా అమరితే గుడ్డ వృథా కాదు. అమరకపోతే పేలికలు మిగులుతాయి. టీవీ తెరలను కూడా మంచం కంటే పెద్దవైన గాజు పలకల మీద తయారు చేసి తరువాత కోస్తారు. 2.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఉన్న పలక మీద 55 అంగుళాల తెరలు ఆరు చక్కగా అమరుతాయి. అదే పలక మీద 65 అంగుళాలవి మూడే పడతాయి, చాలా గాజు మిగిలిపోతుంది. ఈ లెక్క చూసే కొన్ని కంపెనీలు 2.94 మీటర్లు, 3.37 మీటర్ల కొలతలతో మరీ పెద్ద పలకల కర్మాగారాలు కట్టాయి. చైనాలోని హెఫై నగరంలో బీఓఈ సంస్థ అలాంటి దానిని 2017 డిసెంబరులో ప్రారంభించింది. ఆ పలక మీద 65 అంగుళాలవి ఎనిమిది, 75 అంగుళాలవి ఆరు వస్తాయి. పెద్ద తెరలు క్రమంగా చౌక కావడానికి ఇదొక ముఖ్య కారణం. కాగితం మీద పలకను చిన్న కొలతలో గీసి, తెరలను అమర్చి చూడండి. మంచి ఆట.

పాత టీవీలు ఎందుకు ఇంత పెరగలేదు అని మీకు సందేహం రావచ్చు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ నగరంలోనే ఈసీఐఎల్ సంస్థ 'ఈసీ' పేరుతో టీవీలు తయారు చేసేది. వాటి లోపల ఉండేది పెద్ద గాజు గొట్టం. అందులో గాలి ఉండదు. ఎలక్ట్రాన్లు అడ్డు లేకుండా పరుగెత్తి తెరను తాకాలంటే శూన్యం కావాలి. లోపల శూన్యమైతే బయటి గాలి ఊరుకుంటుందా? చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 29 అంగుళాల పాత తెర మీద ఆ ఒత్తిడి మొత్తం లెక్కిస్తే రెండున్నర టన్నులు దాటుతుంది, అంటే పాతిక క్వింటాళ్ల పైమాట! తెర పెరిగేకొద్దీ ఈ బరువుకు తట్టుకునేలా గాజును మందం చేయాలి. చివరికి టీవీని లేపడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చేది. ఇప్పటి తెరలలో శూన్యం లేదు, ఆ బాధా లేదు. అందుకే పలుచని గాజుతో 75 అంగుళాలు సాధ్యమైంది.

కన్ను ఎంత సన్నగా చూస్తుంది?

దుకాణంలో రెండో మాట 'ఫోర్‌కే'. తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఒక్కో చుక్క పేరు పిక్సెల్. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080, మొత్తం సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. ఫోర్‌కేలో 3,840, 2,160. గుణిస్తే 83 లక్షలు, అంటే నాలుగు రెట్లు. నాలుగు రెట్లు చుక్కలు ఉంటే బొమ్మ నాలుగు రెట్లు బాగుంటుందా? ఆ తీర్పు చెప్పవలసింది పెట్టె మీది అచ్చు కాదు, మీ కన్ను.

ఈ ప్రయోగం చేయండి. తెల్ల కాగితం మీద స్కేలుతో ఒక మిల్లీమీటరు మందం నల్ల గీత, పక్కన ఒక మిల్లీమీటరు ఖాళీ, మళ్లీ గీత, ఇలా ఎనిమిది పది గీతలు గీయండి. బడి వరండాలో గోడకు మీ కళ్ల ఎత్తున అంటించండి. వెనక్కి నడుస్తూ పోండి. ఒక చోట గీతలు మాయమై కాగితం బూడిద రంగు మచ్చలా కనిపిస్తుంది. అక్కడ సుద్దతో గీత గీసి టేపుతో కొలవండి. "నాకు ఇంకా కనిపిస్తున్నాయి" అని గొప్పలు పోయే మిత్రులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను వెనక్కి తిరగమని చెప్పి, కాగితాన్ని నిలువుగానో అడ్డంగానో తిప్పి, ఇప్పుడు గీతలు ఎటున్నాయో చెప్పమనండి.

మామూలు చూపు గలవారికి ఈ దూరం మూడున్నర మీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. కారణం ఏమిటి? ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని కోణంలో నిమిషం అంటారు. మన కన్ను వేరు చేసి చూడగల అతి చిన్న కోణం సుమారు ఒక నిమిషం. కంటి వైద్యులు వాడే అక్షరాల పట్టికను నెదర్లాండ్స్ వైద్యుడు స్నెల్లెన్ 1862లో రూపొందించింది కూడా ఈ కోణం ఆధారంగానే. 6/6 చూపు అంటే ఇదే. పూర్తి వృత్తంలో 21,600 నిమిషాలు ఉంటాయి. వృత్త పరిధిని, అంటే రెండు పైల వ్యాసార్ధాన్ని, 21,600తో భాగించి చూడండి. ఒక నిమిషానికి దక్కేది వ్యాసార్ధంలో 3,438వ వంతు. అంటే ఒక మిల్లీమీటరు వస్తువు 3,438 మిల్లీమీటర్ల దాకా, అంటే దాదాపు పదకొండు అడుగుల దాకా కనిపించి, ఆ తరువాత పక్కదానిలో కలిసిపోతుంది. కొందరు పిల్లల చూపు ఇంతకంటే చురుకుగా ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకోవలసి ఉండీ పెట్టుకోని వారిది తక్కువ.

ఇక టీవీకి వద్దాం. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో దానిని 1,920తో భాగిస్తే పిక్సెల్ వెడల్పు 0.63 మిల్లీమీటరు. దీనిని 3,438తో గుణిస్తే 2.2 మీటర్లు, సుమారు ఏడు అడుగులు. అంటే ఏడు అడుగుల అవతల కూర్చుంటే ఫుల్ హెచ్‌డీ చుక్కలే విడిగా కనిపించవు. కనిపించని చుక్కను మళ్లీ నాలుగు ముక్కలు చేస్తే ఇంకేం కనిపిస్తుంది! ఫోర్‌కే సన్నదనం పూర్తిగా దక్కాలంటే మూడున్నర అడుగుల దగ్గరికి జరగాలి. 65 అంగుళాల తెరకు ఈ హద్దు సుమారు ఎనిమిదిన్నర అడుగులు, 75కు పది అడుగులకు కొంచెం తక్కువ.

కనుక బస్సెక్కే ముందు మంచం నుంచి గోడకు టేపు పెట్టి కొలవండి. పది అడుగులు వచ్చిందనుకోండి, 55 అంగుళాలలో ఫోర్‌కే కోసం ప్రత్యేకంగా ఎక్కువ ఇవ్వనక్కరలేదు. అయితే ఈ సైజులో ఇప్పుడు అమ్ముతున్నవి దాదాపు అన్నీ ఫోర్‌కేలే కాబట్టి అది దానంతట అదే వస్తుంది. కాని 'ఎయిట్‌కే' అని 3.3 కోట్ల పిక్సెళ్లు చూపి ధర పెంచితే మాత్రం టేపు గుర్తు చేసుకోండి. దుకాణంలో తేడా స్పష్టంగా కనిపించడానికి కారణం మనం అక్కడ మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి చూడటం. అమ్మే అతను ఏమీ అనుకోడు, పది అడుగులు వెనక్కి నడిచి చూడండి.

తెరలో ఎన్ని చుక్కలున్నా లోపలికి వచ్చే బొమ్మలో ఎన్ని ఉన్నాయన్నది మరో ప్రశ్న. కేబుల్‌లో గానీ డిష్‌లో గానీ హెచ్‌డీ ప్యాకేజీ తీసుకోకపోతే వచ్చే మామూలు ప్రసారంలో 720 అడ్డం, 576 నిలువు, మొత్తం 4.15 లక్షల చుక్కలు మాత్రమే. ఫోర్‌కే తెరలోని 83 లక్షలను దీనితో భాగించండి. సరిగ్గా ఇరవై! ఒక్క చుక్కను సాగదీసి ఇరవై చుక్కల చోటు నింపాలి. ఒక గ్లాసు పెరుగుతో ఇరవై గ్లాసుల చల్ల చేసినట్టు. చల్ల ఎంత బాగా చిలికినా పెరుగు పెరగదు. ఖరీదైన టీవీలోని చిప్పు ఆ మధ్య చుక్కలను తెలివిగా ఊహిస్తుందన్నది నిజమే, అది ఊహే తప్ప కెమెరా చూసింది కాదు. ఇంట్లో చూసేది ఎక్కువగా మామూలు ప్రసారమే అయితే, టీవీ మీద పెట్టే అదనపు పదివేలకంటే హెచ్‌డీ ప్యాకేజీ మీద పెట్టే కొద్దిపాటి రూపాయలు బొమ్మను ఎక్కువ మారుస్తాయని నా అభిప్రాయం.

నలుపుకు ఇంత ఖరీదా?

ఇప్పుడు 45,000కు, 1,20,000కు మధ్య ఉన్న 75,000 రూపాయల సంగతి. రెండూ 55 అంగుళాలే, రెండూ ఫోర్‌కే. ముప్పై ఒక్క క్వింటాళ్ల వడ్లు ఇచ్చి మనం తెచ్చుకునేది ముఖ్యంగా నలుపు.

మామూలు ఎల్‌ఈడీ టీవీలో తెర వెనక దీపాలు వెలుగుతూ ఉంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ కాంతిని వదులుతుంది. ఈ ద్రవ స్ఫటికాలను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు రైనిట్జర్ 1888లో గుర్తించాడు. రెక్క ఎంత గట్టిగా మూసినా సందులోంచి కాస్త వెలుగు కారుతుంది. అందుకే చీకటి దృశ్యంలో నలుపు కొంచెం బూడిదగా కనిపిస్తుంది. ఓలెడ్‌లో వెనక దీపాలు లేవు. ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, తనే ఆరిపోతుంది. దీనికి దారి చూపినవారు అమెరికాలో కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్. వారి పరిశోధన 1987లో అచ్చయింది. ఆరిన పిక్సెల్ పూర్తి చీకటి కనుక ఓలెడ్ నలుపు కాటుకలా ఉంటుంది.

అయితే ఈ నలుపు మన ఇంట్లో నిలుస్తుందా? లెక్క చూద్దాం. తెర కాంతిని 'నిట్' అనే ప్రమాణంలో కొలుస్తారు. ఒక కొవ్వొత్తి వెలుగు ఒక చదరపు మీటరు తెర మీద పరచినట్టు ఊహించుకోండి, అది సుమారు ఒక నిట్. ఎల్‌ఈడీ టీవీలో తెలుపు 500 నిట్లు, నలుపు 0.1 నిట్ అనుకుందాం. నిష్పత్తి 5,000. ఓలెడ్‌లో తెలుపు 500, నలుపు సున్నా. నిష్పత్తి చెప్పడానికే వీలులేదు. ఇక దర్వాజ తెరవండి. వాకిట్లోని వెలుగు తెర మీద పడి 5 నిట్లు మన కంటికి తిరిగి వచ్చిందనుకుందాం. ఇది తెలుపుకూ నలుపుకూ సమానంగా కలుస్తుంది. ఎల్‌ఈడీలో 505ను 5.1తో భాగిస్తే 99. ఓలెడ్‌లో 505ను 5తో భాగిస్తే 101. తొంభై తొమ్మిదికీ నూట ఒకటికీ తేడాను ఏ కన్నూ పట్టలేదు. సినిమా హాల్లో ఆట మధ్యలో ఎవరో తలుపు తెరిస్తే తెర వెలవెలబోవడం మీరు చూసే ఉంటారు. సినిమా తెర కాంతి 48 నిట్లు మాత్రమేనని, అయినా చీకటి గదిలో అది ధగధగలాడుతుందని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఓలెడ్ దండగ అని నేను చెప్పడం లేదు. రాత్రి దీపాలు ఆర్పి సినిమాలు చూసే ఇంట్లో, మంచం మీద ఒకరు, పక్కన కింద ఇద్దరు, వారగా గుమ్మంలో ఒకరు కూర్చుని చూసే ఇంట్లో దాని విలువ దానికుంది. వారగా చూసినా దాని రంగులు వెలిసిపోవు. పగలంతా తలుపులు తెరిచి, వార్తా ఛానల్ పెట్టి, మధ్య మధ్యలో తలెత్తి చూసే ఇంటికి మాత్రం ఆ డబ్బు దండగే. పైగా ఓలెడ్ పిక్సెళ్లు వెలిగేకొద్దీ అరుగుతాయి. ఒకే మూల ఒకే ఛానల్ ముద్ర గంటల తరబడి ఉంటే, కాలక్రమంలో దాని మచ్చ తెర మీద నిలిచిపోయే అవకాశం ఉంది.

అక్షరాల దగ్గర కూడా జాగ్రత్త వహించాలి. మన ఊరి పేరు వెనక (ఎస్) తగిలించకపోతే ఏమవుతుంది? యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆత్మకూర్ (ఎం) ఉంది. ఒక్క అక్షరం తప్పితే ఉత్తరం జిల్లా మారిపోతుంది. టీవీల్లోనూ అంతే. 'ఓలెడ్', 'క్యూలెడ్' ఇంగ్లీషులో రాస్తే ఒక చిన్న తోక తేడా. కాని క్యూలెడ్ లోపల ఉన్నది వెనక దీపాలు, ద్రవ స్ఫటికాలే. అదనంగా క్వాంటం చుక్కల పొర ఉంటుంది. నానోమీటర్లలో కొలిచే ఈ రేణువులు తమ పరిమాణాన్ని బట్టి ఎరుపు, ఆకుపచ్చ కాంతులు ఇస్తాయి. వీటిని కనుగొని అభివృద్ధి చేసిన బావెండి, బ్రూస్, యెకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. రంగులు చిక్కగా, కాంతి ఎక్కువగా ఉంటాయి కాబట్టి వెలుతురు గదికి అది తగినదే. నలుపు మాత్రం ఓలెడ్ నలుపు కాదు. రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు మోడల్ నంబరును చివరి అక్షరం దాకా రాసుకుని పోల్చండి. అక్షరం మారితే లోపలి తెరే మారవచ్చు.

ధరల్లో ఇంకొక చిక్కు పన్ను. 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. పన్ను కాక 50,000 ఉన్న టీవీ 64,000 నుంచి 59,000కు దిగాలి. పాత ధర కొట్టివేసి "అయిదు వేలు తగ్గింపు" అని రాసి ఉంటే, ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వచ్చిందో మీరే లెక్క కట్టండి. "వడ్డీ లేని వాయిదాలు" అంటే, మొత్తం ఒకేసారి నగదు ఇస్తే ఎంతకిస్తారో అడిగి రెండిటినీ పక్కపక్కన రాసుకోండి. తేడా ఉంటే దాని పేరు వడ్డీయే.

దుకాణంలో చూడవలసిన తీరు ఒకటుంది. అక్కడి టీవీలను సాధారణంగా 'వివిడ్' అనే అమరికలో ఉంచుతారు. గడ్డి విషం తాగినంత పచ్చగా, మనుషుల ముఖాలు పసుపు రాసినట్టుగా ఉంటాయి. 'సినిమా' అమరికకు మార్చమనండి. వాళ్ల చిలుకల బొమ్మ కాకుండా, మీ బడి వార్షికోత్సవంలోనో ఇంట్లో పెళ్లిలోనో తీసిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అదే అన్ని తెరల మీద వేయించండి. తెలిసిన ముఖం రంగు సరిగా ఉందో లేదో చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఎదురుగా ఒకసారి, బాగా పక్కకు జరిగి ఒకసారి చూడండి. వెనక అంటించిన చీటీ మీద వాట్లు ఎన్నో రాసుకోండి. 150 వాట్ల టీవీ రోజుకు అయిదు గంటలు నడిస్తే నెలకు 22.5 యూనిట్లు. ఇది కరెంటు బిల్లులో ప్రతి నెలా కనబడుతుంది.

కొన్నాక ఇంటికి తెచ్చేటప్పుడు, ట్రాలీ ఆటోలో పెట్టెను పడుకోబెట్టనీయకండి. పలుచని గాజు అంచు మీద నిలబడితే తన బరువును తేలికగా మోస్తుంది. పడుకోబెడితే నడుమ వంగుతుంది. సూర్యాపేట నుంచి ఆత్మకూర్ దాకా గుంతల్లో పడిన ప్రతిసారీ ఆ వంపు పెరుగుతుంది. పెట్టె నిలువుగా, దాని పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి. అంతకు ముందే ఇంట్లో గోడ కొలిచి, మేకుల చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచండి.